ఇద్దరు హీరోలు, ఒక్క బొమ్మ: కామిక్ మాషప్ గీయడం ఎలా

బొమ్మలు అంతో ఇంతో గీయడం వచ్చి, కామిక్స్ అంటే పడిచచ్చేవాళ్లకి మాషప్ (ఇద్దరు పాత్రల్ని కలిపి ఒకే కొత్త పాత్రగా గీయడం) కంటే మంచి సాధన నాకు తెలిసి ఇంకోటి లేదు. ఉన్న బొమ్మని చూసి దించితే చెయ్యి తిరుగుతుంది గానీ బుర్రకి పెద్దగా పని ఉండదు. అలాగని కొత్త పాత్రని మొదట్నుంచి పుట్టించమంటే చాలామందికి తెల్ల కాగితం చూడగానే టెన్షన్ మొదలవుతుంది. మాషప్‌లో ముడిసరుకంతా మీ చేతిలోనే ఉంటుంది, దానితో ఏం చేయాలన్నది మాత్రం మీరే తేల్చుకోవాలి.

ముందే ఒక మాట చెప్పేస్తాను, మిగతాదంతా దీని చుట్టూనే తిరుగుతుంది. ఇద్దర్ని కలపడానికి ఒక కారణం ఉండాలి, ఆ ఇద్దరిలో ఒకరిదే పైచేయి కావాలి. ముఖం మధ్యలో నిలువుగా గీత గీసి ఇటు స్పైడర్‌మ్యాన్, అటు బ్యాట్‌మ్యాన్ అని రంగులేస్తే అవి పక్కపక్కన రెండు సగాలే, ఒక మనిషి కాదు. 1964లో ఆ సూపర్‌మ్యాన్, బ్యాట్‌మ్యాన్ కామిక్స్ వేసే డీసీ కంపెనీ వాళ్లే ఇలా నిలువునా సగం సూపర్‌మ్యాన్, సగం బ్యాట్‌మ్యాన్‌గా కాంపోజిట్ సూపర్‌మ్యాన్ అనే విలన్‌ని తెచ్చారు. చూడగానే విషయం అర్థమైపోతుంది, అంతకు మించి చూడటానికి ఏమీ మిగలదు. మరి అర్ధనారీశ్వరుడి సంగతేంటి, అక్కడా సగం సగమే కదా అంటారేమో. ఆ శిల్పాల్ని ఇంకోసారి జాగ్రత్తగా చూడండి. చాలావాటిలో ఒక పక్క తుంటి బయటికి వంగి ఉంటుంది, ఇంకో పక్క అలా ఉండదు, అంటే నిలబడిన తీరులోనే ఇద్దరూ ఉన్నారు. శిల్పి మధ్యలో గీత పెట్టి ఊరుకోలేదు.

జంటని ఎంచుకోవడం

సగం పని ఇక్కడే అయిపోతుంది కాబట్టి తొందరపడకండి. 1996లో మార్వెల్, డీసీ కంపెనీలు చేతులు కలిపి అమాల్గమ్ కామిక్స్ పేరుతో సరిగ్గా ఇదే పని చేశాయి. ఆ ఏడాది 12 సంచికలు, మరుసటి ఏడాది ఇంకో 12 వచ్చాయి. దొరికితే తప్పకుండా చూడండి, ఎందుకంటే అందులో బాగా కుదిరిన జంటలన్నిటి వెనకా ఒక లెక్క కనిపిస్తుంది. బ్యాట్‌మ్యాన్, వుల్వరిన్ కలిసి డార్క్ క్లా అయ్యారు. ఇద్దరూ ఒంటరివాళ్లు, ఇద్దరికీ ముసుగు మీద పైకి లేచిన రెండు కొనలున్నాయి. డార్క్ క్లా శత్రువు నాకు ఇంకా నచ్చుతాడు. బ్యాట్‌మ్యాన్ శత్రువు జోకర్‌నీ, వుల్వరిన్ శత్రువు సేబర్‌టూత్‌నీ కలిపి హైనా (దుమ్మలగొండి) అని పేరు పెట్టారు. ఒకడిది నవ్వు, ఇంకొకడిది మృగం తీరు, రెండూ కలిస్తే నవ్వినట్టు అరిచే జంతువే కదా. సూపర్ సోల్జర్ కథైతే మరీ చక్కగా అతికింది: కూలిపోయిన అంతరిక్ష నౌకలో చనిపోయిన పసివాడు దొరుకుతాడు, వాడి కణాల సాయంతో తయారైన మందుని క్లార్క్ కెంట్‌కి ఎక్కిస్తారు. సూపర్‌మ్యాన్ రాకెట్టూ, కెప్టెన్ అమెరికా సూదిమందూ ఒక్క కథలో ఇమిడిపోయాయి.

మీ జంట కోసం ఒక కాగితం మీద రెండు నిలువు వరుసలు గీయండి. ఒక్కొక్కరి కింద ఈ సంగతులు రాయండి: దూరం నుంచి చూసినా గుర్తుపట్టించే వస్తువులేంటి, శక్తి ఎక్కడ్నుంచి వచ్చింది (లేదా అసలు శక్తే లేదా), ఎలా నిలబడతాడు, కోపం ఎలా వస్తుంది, ఒంటి మీద ఎక్కువగా కనిపించే రంగేది. రాశాక రెండు వరుసల్లోనూ ఒకేలా ఉన్నదేదో, పూర్తిగా అడ్డం తిరిగినదేదో వెతకండి. ఒక పోలిక, ఒక తేడా దొరికితే ఆ జంట పని చేస్తుంది. ఏదీ దొరక్కపోతే, ఇద్దరూ మీకెంత ఇష్టమైనా సరే, వదిలేసి ఇంకో జంట చూసుకోవడం మేలు.

ఈ వ్యాసం పొడుగునా ఒక జంటనే పట్టుకుని వెళ్దాం: చాచా చౌదరి, బ్యాట్‌మ్యాన్. కార్టూనిస్టు ప్రాణ్ గీసిన చాచాకి ఎర్ర తలపాగా, బొద్దు తెల్లమీసాలు, పైన కోటు, చేతిలో కర్ర. ఆయన మెదడు కంప్యూటర్ కన్నా వేగంగా పనిచేస్తుందన్న మాట కామిక్స్ చదివిన వాళ్లందరికీ గుర్తే. బ్యాట్‌మ్యాన్ కూడా శక్తులేవీ లేని మనిషి, బుర్రతో నేరాలు ఛేదించే డిటెక్టివ్. పోలిక దొరికింది. తేడా సంగతి చెప్పక్కర్లేదు, ఒకాయన పట్టపగలు వీధిలో నవ్వుతూ తిరిగే పెద్దమనిషి, ఇంకొకతను అర్ధరాత్రి మేడల మీద నిలబడే మనిషి. ఇంతకన్నా మంచి జంట ఏం కావాలి!

సామాన్లు

దీనికి డబ్బు తగలేయకండి. ఒక హెచ్‌బీ, ఒక 2బీ పెన్సిలు, మంచి రబ్బరు, చిత్తు బొమ్మలకి మామూలు జిరాక్స్ కాగితం, అసలు బొమ్మకి 150 జీఎస్ఎమ్ (కాగితం బరువు కొలత) దాకా ఉండే డ్రాయింగ్ షీటు, 0.1, 0.3, 0.8 సైజుల్లో వాటర్‌ప్రూఫ్ ఇంకు పెన్నులు చాలు. నలుపు ఎక్కువగా నింపాలంటే చిన్న బ్రష్షు, ఇండియన్ ఇంకు సీసా ఉంటే హాయి. ఫోన్‌లోనో ట్యాబ్‌లోనో గీసేవాళ్లకి ఐబిస్ పెయింట్, కంప్యూటర్‌లో అయితే క్రిటా ఉన్నాయి. క్రిటా పూర్తిగా ఉచితం, ఐబిస్‌లో ప్రకటనలు భరిస్తే ఉచితమే.

ముందు నీడ, తర్వాతే బొమ్మ

ఎవరూ చేయని, అందరూ చేయాల్సిన పని ఇది. జిరాక్స్ కాగితం మీద అగ్గిపెట్టె సైజులో ఏడెనిమిది చిన్న బొమ్మలు వేయండి. కళ్లు, ముక్కు, గుండీలు ఏమీ వద్దు, బయటి ఆకారం మాత్రమే గీసి లోపలంతా నల్లగా నింపేయండి. నీడలో చూసినా ఇద్దరూ కనిపిస్తున్నారా? ఇంట్లో కామిక్స్ చదివే తమ్ముడికో చెల్లెలికో చూపించి ఎవరెవరో చెప్పమనండి. ఒక్కరి పేరే చెప్తే రెండోవారు ఇంకా బొమ్మలోకి రానట్టే.

బ్యాట్‌మ్యాన్ పుట్టుకలోనే దీనికి పాఠం ఉంది. 1939లో చిత్రకారుడు బాబ్ కేన్ మొదట వేసిన నమూనాలో ఎర్రటి దుస్తులు, కళ్లకి చిన్న ముసుగు, వీపుకి బిరుసు రెక్కలు ఉండేవి. చెవులున్న ముసుగు, రెక్కల్లా జాలువారే కేప్ (భుజాల నుంచి వీపు మీదికి వేలాడే గుడ్డ), బూడిద రంగు దుస్తులు పెట్టమన్నది రచయిత బిల్ ఫింగర్. ఇవాళ మనం చీకట్లో కూడా అతన్ని గుర్తుపట్టేది ఆ చెవులూ కేప్ వల్లే.

మన చాచా దగ్గరికొస్తే, చెవులు ఎక్కడ్నుంచి రావాలి? తలపాగా మీద చెవుల ముసుగు తొడిగితే తల బస్తాలా ఉబ్బిపోతుంది. ముసుగు మీద తలపాగా చుడితే చెవులు మునిగిపోతాయి. మూడో దారి ఏంటంటే, తలపాగా చుట్టిన తీరులోనే గుడ్డ కొనలు రెండు పైకి కోసుగా నిలబడేలా గీయడం. అప్పుడు తలపాగాయే ముసుగు అయిపోయింది, ఏదీ దేని మీదా అతికించలేదు. మీసాలు ముఖం దాటి రెండు పక్కలకీ బయటికి వస్తే నీడలో కూడా చాచా తెలిసిపోతాడు. కేప్ బదులు భుజాల మీద శాలువా కప్పి, దాని అంచు మాత్రం గబ్బిలం రెక్కలా కొసలు కొసలుగా దించండి. చేతికర్ర ఎలాగూ ఉంది. ఇంకేమీ పెట్టకండి.

ఒళ్లు ఎవరిది?

ఇప్పుడు పైచేయి ఎవరిదో తేల్చుకోవాలి. మామూలు మనిషిని గీసేటప్పుడు తలని కొలతగా పెట్టుకుంటే ఎత్తు ఏడున్నర తలలు వస్తుంది. సూపర్‌హీరోల్ని ఎనిమిది, ఎనిమిదిన్నర తలలు గీస్తారు, అందుకే తల చిన్నగా, ఛాతీ కోటగోడలా కనిపిస్తుంది. చాచా లాంటి హాస్య పాత్రలు నాలుగైదు తలల్లో అయిపోతాయి. ఇద్దరినీ కలపాలి కదా అని సగటు తీసి ఆరు తలలు గీశారనుకోండి, అటు పొట్టి పెద్దాయనా కాదు, ఇటు హీరో కాదు, బొమ్మ నీరసంగా వస్తుంది. ఎవరో ఒకరి కొలతలు పూర్తిగా తీసుకోండి. చాచా కొలతలు తీసుకుంటే బొమ్మ సరదాగా ఉంటుంది, చీకటి వేషంలో ఉన్నా ఆయన ఆయనే. బ్యాట్‌మ్యాన్ కొలతలు తీసుకుంటే గంభీరంగా, వయసు మీద పడినా వెన్ను వంగని యోధుడిలా ఉంటుంది. రెండూ మంచివే. నాకు మొదటిదే ఇష్టం, ఎందుకంటే ఆ పొట్టి ఒళ్లూ ఆ నవ్వూ లేకపోతే చాచా అనిపించడం కష్టం.

కొలతలు ఖాయమయ్యాక హెచ్‌బీతో చాలా పల్చగా మొదలుపెట్టండి. తల నుంచి పాదం దాకా ఒక్క వంపు గీత, దాని మీద తల గుండ్రం, ఛాతీ, నడుము, తర్వాత కాళ్లూ చేతులూ. బట్టలు తర్వాత. ఒళ్లు సరిగ్గా నిలబడక ముందే కోటు గుండీలు గీస్తూ కూర్చుంటే తర్వాత అన్నీ చెరపాల్సి వస్తుంది. నిలబడే తీరు రెండోవారి నుంచి తెచ్చుకోండి. ఒళ్లు చాచాది కాబట్టి భంగిమ బ్యాట్‌మ్యాన్‌ది: పిట్టగోడ అంచున ఒక మోకాలు వంచి కూర్చుని కిందకి చూడటం. ఇలా ఇచ్చిపుచ్చుకోవడం వల్ల బట్టలు వేయకముందే ఇద్దరూ బొమ్మలోకి వచ్చేస్తారు.

అతుకు కనపడకుండా

తమిళనాడులో దారాసురం ఐరావతేశ్వర ఆలయంలో ఒక చిన్న శిల్పం ఉంది, ఎద్దూ ఏనుగూ ఒకే తలని పంచుకుని ఉంటాయి. ఒక ఒంటిని చేత్తో మూస్తే ఎద్దు, రెండోదాన్ని మూస్తే ఏనుగు. ఎద్దు కొమ్ములైన గీతలే ఏనుగు దంతాలు కూడా. మాషప్ గీసేవాళ్లు వెతకాల్సింది సరిగ్గా ఇదే, ఇద్దరికీ చెందే గీత. డార్క్ క్లాలో ముసుగు కొనలు అలాంటివి. మన బొమ్మలో తలపాగా కొనలు.

వేరే జంటలోంచి ఇంకో ఉదాహరణ చెప్తాను, ఇది చాలామంది అడిగే సంగతి కాబట్టి: హల్క్ ఒంటి మీద స్పైడర్‌మ్యాన్ వల. దీన్ని మార్కర్‌తో పైన గీతలు గీకినట్టు వేస్తే పెయింటు పోసినట్టు ఉంటుంది. ముఖం నుంచి మొదలుపెట్టండి. రెండు కళ్ల మధ్య ముక్కు మొదలయ్యే చోట ఒక చుక్క పెట్టండి. అక్కడ్నుంచి కిరణాల్లా బయటికి గీతలు లాగండి, నుదుటి మీదుగా పైకి, చెంపల మీదుగా పక్కలకి, గడ్డం మీదుగా కిందికి. ఈ గీతలు తిన్నగా పోకూడదు, హల్క్ కనుబొమల ఎముక ఎక్కడ ముందుకొస్తుందో అక్కడ గీత కూడా పొంగాలి. తర్వాత పక్కపక్క గీతల మధ్య చిన్న చిన్న అడ్డ వంపులు వేయండి, ప్రతి వంపూ మధ్య చుక్క వైపే కుంగాలి. ఛాతీ, భుజాల దగ్గర కండ పొంగిన చోట గళ్లు పెద్దవిగా, రెండు కండలు కలిసే లోయలో చిన్నవిగా, దగ్గర దగ్గరగా రావాలి. ఈ ఒక్కటి పాటిస్తే వల ఒంటికి అంటుకుని సాగినట్టే కనిపిస్తుంది, షేడింగ్ కూడా సగం తగ్గిపోతుంది.

ఇక ఒక్కొక్కరి నుంచి మూడేసి గుర్తులకి మించి తీసుకోవద్దు. కేప్, వల, డాలు, సుత్తి, బెల్టు, ఛాతీ మీద రెండు లోగోలు, ఇవన్నీ పెడితే బొమ్మ కలగూరగంప అవుతుంది. చాచాది తలపాగా, మీసాలు, కర్ర. బ్యాట్‌మ్యాన్‌ది చెవులు, కేప్ అంచు, చీకటి. అయిపోయింది. బెల్టు పెట్టాలని చెయ్యి దురద పెడితే, దానికి బదులు మీరు వేసిన వాటిలో ఏది తీసేస్తారో ముందు చెప్పుకోండి.

ఇంకు

చిత్తు బొమ్మని డ్రాయింగ్ షీటు మీదికి ఎక్కించడానికి పగటిపూట కిటికీ అద్దానికి రెండు కాగితాలూ టేపుతో అంటించి దించుకోవచ్చు. షీటు మరీ మందంగా ఉంటే వెలుతురు దాటదు, అప్పుడు చిత్తు బొమ్మ వెనకంతా 2బీ పెన్సిలు రుద్ది, షీటు మీద పరిచి, ముందు నుంచి గీతల మీద నొక్కుతూ దిద్దండి.

ఇంకులో కూడా ఒకరి వైపు నిలబడాలి. ప్రాణ్ గీత శుభ్రంగా, తేలిగ్గా, నీడలు తక్కువగా ఉంటుంది. బ్యాట్‌మ్యాన్ బొమ్మల్లో నలుపు సగం కాగితాన్ని తినేస్తుంది. నేనైతే మనిషిని ప్రాణ్ పద్ధతిలో గీసి, వెనకున్న మేడలు, శాలువా లోపలి భాగం, పిట్టగోడ కింద భాగం మాత్రం గట్టి నలుపుతో నింపమంటాను. తెల్లమీసాలు అంత నలుపు మధ్యలో మెరుస్తాయి. బయటి గీతకి 0.8, లోపలి ముడతలకి 0.3, మీసాల వెంట్రుకలకి 0.1. మీసాల్ని వెంట్రుక వెంట్రుకగా గీయకండి, అంచుల దగ్గర నాలుగు గీతలు, ముక్కు కింద రెండు, మధ్యలో తెల్లగా వదిలేయండి. చెయ్యి అలసిపోకముందే ముఖం పూర్తి చేసుకోండి. నలుపు నింపే పని ఎప్పుడైనా చేసుకోవచ్చు. పూర్తిగా ఆరాకే రబ్బరు పెట్టండి, లేకపోతే నలుపంతా బూడిదలా పాకుతుంది.

డిజిటల్‌లో గీసేవాళ్లు పెన్సిల్ లేయర్ ఓపాసిటీ (గీత ఎంత గాఢంగా కనిపించాలన్నది) 20, 30 శాతానికి తగ్గించి, పైన కొత్త లేయర్‌లో ఇంకు వేసుకోండి. పక్కన ఇద్దరి బొమ్మలూ తెరిచి పెట్టుకోవడం మంచిదే, కానీ వాటిని కత్తిరించి అతికించవద్దు. నేర్చుకోవాల్సిన గీతలన్నీ అక్కడే తప్పించుకుపోతాయి.

రంగులు

పాత అమెరికన్ కామిక్స్ గమనిస్తే హీరోలకి ఎక్కువగా ఎరుపు, నీలం, పసుపు; విలన్లకి ఆకుపచ్చ, ఊదా కనిపిస్తాయి. సూపర్‌మ్యాన్ ఒకవైపు, జోకర్ ఊదా కోటు, ఆకుపచ్చ జుట్టు ఇంకోవైపు పెట్టుకుని చూడండి. అన్ని పాత్రలూ ఈ పద్ధతిలోకి రావు. హల్క్ హీరోనే అయినా ఆకుపచ్చ, అదీ అనుకుని ఎంచుకున్నది కాదు. 1962లో మొదటి సంచికలో అతను బూడిద రంగువాడు, ఆ బూడిద రంగు అచ్చులో పేజీకో రకంగా వస్తుండటంతో రెండో సంచిక నుంచి ఆకుపచ్చకి మార్చారు.

మాషప్‌కి సులువైన సూత్రం: రంగులన్నీ ఒకరివి, ఒక్క రంగు మాత్రం రెండోవారిది. ఐరన్‌మ్యాన్, గ్రీన్ లాంతర్ కలిసిన ఐరన్ లాంతర్‌లో కవచం ఐరన్‌మ్యాన్ తరహాదే, రంగు మాత్రం ఆకుపచ్చకి తిరిగింది, అంతే, రెండో మనిషి దిగిపోయాడు. మన బొమ్మలో అంతా బూడిద, నలుపు, ముదురు నీలం; తలపాగా ఒక్కటే ఎరుపు. ఆ ఎరుపుని ఇంకెక్కడా, చివరికి వెనక మేడల కిటికీల్లో కూడా వాడొద్దు.

పేరు, రెండు లైన్ల కథ

బొమ్మ అయ్యాక పేరు పెట్టండి, వెనక రెండు లైన్ల కథ రాసుకోండి. డార్క్ క్లా అసలు పేరు లోగన్ వేన్, వుల్వరిన్ పేరు ముందు, బ్యాట్‌మ్యాన్ ఇంటిపేరు వెనక. మనవాడికి గబ్బిలం చాచా బాగుంటుంది. కథ రాస్తుంటే పక్క పాత్రలు వాటంతట అవే వరస కడతాయి. గురుగ్రహం నుంచి వచ్చిన చాచా తోడు, భారీకాయుడు సాబూ, బ్యాట్‌మ్యాన్ సహాయకుడు రాబిన్ వేషంలో ఎలా ఉంటాడు? పసుపు కేప్ అతని భుజాలకి చేతిరుమాలంత అయిపోతుంది. ఎంత కొట్టినా చావని చాచా శత్రువు రాకా నోటికి జోకర్ నవ్వు పెడితే? ఒక్క బొమ్మతో మొదలైంది నాలుగు బొమ్మల సిరీస్ అవుతుంది, అప్పుడే చెయ్యి నిజంగా తిరుగుతుంది, ఎందుకంటే ఒకే ముఖాన్ని వేరే వేరే కోణాల్లో మళ్లీ మళ్లీ గీయాల్సి వస్తుంది.

నలుగురికీ చూపించే ముందు

ఈ పాత్రలకి యజమానులున్నారు. ఇంట్లో గీసుకోవడానికి, నేర్చుకోవడానికి ఎవరూ అడ్డు చెప్పరు. ఆన్‌లైన్‌లో పెట్టేటప్పుడు అసలు పాత్రల్ని సృష్టించిన వాళ్ల పేర్లు కింద రాయండి, ఇక్కడైతే ప్రాణ్, బాబ్ కేన్, బిల్ ఫింగర్. ఫింగర్ పేరు మర్చిపోవద్దు, దశాబ్దాల పాటు ఆయన పేరు వేయకుండానే బ్యాట్‌మ్యాన్ అచ్చయింది, 2015లో గానీ అధికారికంగా జత చేయలేదు. టీషర్టుల మీద, పోస్టర్ల మీద అచ్చేసి అమ్మడం మాత్రం వేరే సంగతి, దానికి అనుమతి కావాలి, కాపీరైట్‌తో పాటు ట్రేడ్‌మార్క్ గొడవ కూడా ఉంటుంది. కాస్త స్వేచ్ఛగా ఆడుకోవాలనుకుంటే పాత పాత్రల వైపు చూడండి. 1929 నాటి పాపాయ్ అనే నావికుడి కామిక్ స్ట్రిప్పులు 2025 జనవరి 1 నుంచి అమెరికాలో కాపీరైట్ గడువు దాటాయి. మోచేతి కింద ఉబ్బిన ఆ చేతులు, నోట్లో పైపు, మూసుకున్న ఒక కన్ను నీడలో కూడా దాగవు కాబట్టి కొత్తవాళ్లకి చాలా సులువు. అతనికి జంటగా మీ సొంత పాత్ర ఎవరైనా ఉంటే తెచ్చి కలపండి, లేకపోతే మీ వీధిలో రోజూ కనిపించే మనిషి ఎవరిదైనా నడక తీసుకోండి, ముఖం మాత్రం వద్దు.

బొమ్మ కింద కుడివైపు మీ సంతకం, తేదీ వేయండి. చిత్తు నీడ బొమ్మలున్న కాగితాన్ని పారేయకుండా అదే ఫైల్లో పెట్టుకోండి, ఈసారి వాడని ఆరేడు ఆకారాల్లో కనీసం రెండు వచ్చే బొమ్మకి పనికొస్తాయి.